ముఖం గడి

మార్చి 12

చెల్లెమ్మకు,

మేము కుశలం. మీ ఇంట అందరూ కుశలమని తలుస్తాను. రాయవలసిన సంగతులు నాలుగు ఉన్నాయి. తేలికవి ముందు రాసి, బరువైనదాన్ని చివర పెడుతున్నాను. నువ్వు ముందుగా చివరి పేజీ చదివే మనిషివని తెలిసినా నా పద్ధతి నాది.

ఒకటి: మీ వదిన మోకాలి నొప్పి తగ్గింది, నోరు మునుపటిలాగే ఉంది. రెండు: నువ్వు పంపిన నిఘంటువు రెండో సంపుటం అందింది. మధ్యలో నాలుగు పుటలు తలకిందులుగా కుట్టారు. అది మీ ప్రెస్సు పని కాదనే నమ్ముతున్నాను. మూడు: వర్క్‌షాపు స్టోరుకు కొత్త బీరువాలు వచ్చాయి. బస్సుల విడిభాగాలన్నిటికీ, నట్టు మొదలు గేరుపెట్టె వరకు, మళ్లీ చీటీలు రాస్తున్నాను.

నాలుగు: నిన్న సాయంత్రం నా కళ్లెదుట ఒక మనిషిని చావగొట్టారు. మన వర్క్‌షాపు పక్క సందులో కూర్చుని తాళంచెవులు చేసే తాళాల మేస్త్రి. మా స్టోరు తాళాలన్నీ ఆయన చేతివే. ప్రస్తుతం ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఇంటికి రాగానే చూసినది చూసినట్టు చిత్తు చీటీ మీద రాసుకున్నాను. ఆదివారం సాపు పుస్తకంలోకి ఎక్కించి చీటీ చించేస్తాను. ఈలోగా టపా పోతుంది కనుక చిత్తులో ఉన్నదే నీకు ఎత్తి రాస్తున్నాను.

1. సమయం: సాయంత్రం అయిదు నలభై.
2. చోటు: సందులో రెండో దీపస్తంభం దగ్గర. నేను గేటు దాటి పడమటికి నడుస్తున్నాను. మాకు మధ్య దూరం ముప్పై ఎనిమిది అడుగులు (ఈ ఉదయం కొలిచాను).
3. దెబ్బలు: మూడు. మొదటిది వెనకనుంచి.
4. ఆయుధం: జాకీ రాడ్డు. పొడవు రెండున్నర అడుగులు, లావు ముప్పావు అంగుళం, ఒక కొన చదునుచేసి వంచినది. పాత మోడల్ బస్సుకు వచ్చేది, ఇప్పుడు తయారీ లేదు. పిడి దగ్గర ఎర్ర రంగు రెండుచోట్ల లేచిపోయింది.
5. మనిషి: నాకంటే బెత్తెడు పొడుగు. కుడిచేతి వాటం. బూడిదరంగు చొక్కా.
6. పారిపోయిన వైపు: రైలు పట్టాల వైపు, రాడ్డుతో సహా.
7. ముఖం: ఎండ నా కళ్లలోకి కొట్టింది. ఆనలేదు. (సాపులో పూరించాలి.)

మీ వదిన ఇదంతా చదివి, "ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో పాతికేళ్లయినా తెలియదు గానీ, ఎవడో పట్టుకున్న రాడ్డు లావు మాత్రం తెలుసు" అంది. రాత్రి అన్నం సహించలేదు. ఆ మేస్త్రికి ఇద్దరు పిల్లలు.

పై వివరాలు సరిచూసి సంతకం చేసిన,
అన్నయ్య


మార్చి 20

అన్నయ్యా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ముందు నువ్వు ఎలా ఉన్నావో చెప్పు. ఏడు అంకెలూ వేశావు, "భయపడ్డాను" అన్న మాటకు ఎనిమిదో అంకె వేయలేదు!

మీ బావగారికి చదివి వినిపించాను. "ఇది ఉత్తరమా, పోలీసు పంచనామానా?" అన్నారు. నవ్వుతూనే అన్నా, చదవడం అయ్యాక కాగితం అడిగి తీసుకుని మళ్లీ చదివారు. ప్రెస్సులోనూ చెప్పకుండా ఉండలేకపోయాను. మా ఫోర్‌మన్ అయితే, "ఆరో తరగతితో బడి మానిన మనిషి రాసిందేనా ఇది? మన రచయితలు ఇలా రాస్తే మీకు ప్రూఫులు దిద్దే పనే ఉండదు కదమ్మా" అన్నాడు. "మా అన్నయ్య చదువు నేర్చుకున్నది విడిభాగాల క్యాటలాగుల్లో. అందుకే ఒక్క స్క్రూ కూడా వదులుగా ఉండదు" అన్నాను. ఆ పూటంతా నా నడకే వేరు.

పోలీసులు వస్తే ఏదీ దాచకు. నీకంటే మంచి సాక్షి వాళ్లకు దొరకడు. ఈ మాట చెల్లెలిగా కాదు, ప్రూఫ్ రీడరుగా చెబుతున్నాను. మేస్త్రి ఎలా ఉన్నాడో వెంటనే రాయి. వదినకు చెప్పు, మోకాలికి వేడినీళ్ల కాపడం మానవద్దని. నోటికి నా దగ్గరా మందు లేదు.

తలకిందుల పుటలు మావి కావని ప్రమాణం చేస్తూ,
చెల్లెలు


మే 3

చెల్లెమ్మకు,

ఆలస్యానికి మన్నించు. ఈసారి సంగతులను వరుస పెట్టే ఓపిక లేదు. అయినా ప్రయత్నిస్తాను.

మేస్త్రి పదకొండో రోజున పోయాడు. కేసు హత్యానేరమైంది.

ఏప్రిల్ 16న ఇన్‌స్పెక్టరు నన్ను స్టేషనుకు పిలిపించాడు. మర్యాదస్థుడు, కుర్చీ వేయించాడు. బల్లమీద ఒక ఫోటో ఉంది. "వీణ్ణి ఎప్పుడైనా చూశారా?" అని అడిగాడు. చూడగానే పోల్చుకున్నాను. ఆ ముఖం నాకు తెలుసు. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత మచ్చ, వెడల్పు దవడ, పెదవి చివర కొద్దిగా వంకర. టైర్లకు కొత్త రబ్బరు వేసే కొట్లో పనివాడట. ఏదో తాళం విషయంలో మేస్త్రితో అంతకుముందు తగాదా పడ్డాడట.

28న జైలు ఆవరణలో గుర్తింపు పరేడ్ జరిపారు. ఎనిమిదిమంది వరుసగా నిలబడ్డారు. మేజిస్ట్రేటు నన్ను తొందరపెట్టలేదు. నేను అయిదోవాడి ముందు ఆగి, "ఇతడే" అన్నాను. అతడు "అయ్యా, నన్ను సరిగా చూడండి" అన్నాడు. సరిగానే చూశాను. బయటికి వచ్చాక ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టి, "శభాష్! మీలాంటి సాక్షి పదేళ్లకొకడు దొరుకుతాడు" అన్నాడు. అప్పటివరకూ ఏ మూలో ఉన్న బెరుకు ఆ దెబ్బతో పోయింది.

మా మేనేజరు నోటీసు బోర్డుమీద నా గురించి నాలుగు వాక్యాలు అతికించాడు. ఇరవై రెండేళ్లుగా నన్ను "చిట్టా" అని ఆటపట్టించే ఫిట్టర్లే ఇప్పుడు "చిట్టాగారూ" అంటున్నారు. ప్రభుత్వ ప్లీడరు నా సాపు పుస్తకం చూసి, నకలు రాయించుకుని, "ఇంత స్పష్టమైన వర్ణన నేను చూడలేదు" అన్నాడు. నిజమే, రాడ్డూ చొక్కా నీకు రాసినట్టే ఉన్నాయి, ముఖం గడిలో మూడు పంక్తులున్నాయి.

మేస్త్రి భార్య స్టోరు కిటికీ దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, మాకు మీ కళ్లే దిక్కు" అంది. "నిశ్చింతగా ఉండమ్మా, నేను చూశాను" అన్నాను. చెల్లెమ్మా, ఆరో తరగతిలో పలక కింద పెట్టిననాటి నుంచి ఒక్క మాట కోసం నా చెవులు ఎదురుచూశాయనిపించింది: నేను రాసినది నలుగురికీ పనికివచ్చిందని.

గర్వం దాచుకోలేని,
అన్నయ్య


మే 14

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను. తప్పుగా తీసుకోకు.

నీ ఉత్తరాలన్నీ నా దగ్గర ప్రూఫు కాగితాల కవరులో ఉంటాయి. మే ఉత్తరం అందులో పెడుతూ మార్చి ఉత్తరం తీశాను, మీ బావగారికి మళ్లీ చూపించి గొప్పలు పోదామనే. రెండూ పక్కపక్కన పెట్టాను. నా వృత్తి దోషం, ఏ రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నా కళ్లు ఊరుకోవు. ఎడమచేతి వేలు మూలప్రతి మీద, కుడిచేతి వేలు ప్రూఫు మీద నడిచిపోతాయి.

రాడ్డు కుదిరింది. చొక్కా కుదిరింది. ఏడో అంకె దగ్గర కుడివేలు ఆగిపోయింది. మార్చి 12న నువ్వు రాసింది ఇది: "ముఖం: ఎండ నా కళ్లలోకి కొట్టింది. ఆనలేదు." మేలో మచ్చ ఉంది, దవడ ఉంది, పెదవి వంకర కూడా ఉంది.

మధ్యలో ఎప్పుడైనా గుర్తొచ్చిందా? అలా గుర్తొస్తుంటాయి, నాకు తెలుసు. కానీ ఎప్పుడొచ్చింది? ఫోటో చూడకముందా, చూశాకా? నువ్వు పరేడులో పోల్చుకున్నది సందులోని మనిషినా, బల్లమీది ఫోటోనా?

అడగకుండా ఉంటే నీ చెల్లెల్ని కానేమో అనిపించింది.

భయపడుతూ,
చెల్లెలు


మే 22

శ్రీమతి ప్రూఫ్ రీడరుగారికి,

మీ లేఖ అందినది. మీరు లేవనెత్తిన అంశాలకు క్రమంగా జవాబులు:

1. నేను చూశాను.
2. చిత్తు అన్నది చిత్తే. తొందరలో రాసినది. నిలిచేది సాపు.
3. సాపులో ఏ గడీ ఖాళీగా ఉండరాదన్నది స్టోరులో నేను పెట్టిన నియమం. ఖాళీ గడి అంటే దొంగకు తలుపు తీసిపెట్టడమని ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఆ గడిని ఆ ఆదివారమే, మనసు నిమ్మళించాక, బాగా గుర్తు తెచ్చుకుని పూరించాను.
4. మేజిస్ట్రేటు, ఇన్‌స్పెక్టరు, ప్రభుత్వ ప్లీడరు, ముగ్గురూ చదువుకున్నవారే. వారికి రాని అనుమానం మీకు వచ్చింది. డిగ్రీ ఉన్నవారి చూపు సూక్ష్మం కాబోలు.
5. ఈ సంగతిని కూడా మీ ఫోర్‌మన్‌గారికి చదివి వినిపించారా? నవ్వుకోవడానికి బాగుంటుంది.
6. నేను సాక్ష్యమిచ్చే రోజున చూడటానికి వస్తానని మీ బావగారితో కబురు చేశారు. మీరు రానవసరం లేదు.

మీ వదినకు మోకాలి నొప్పి మళ్లీ వచ్చింది.

ఇట్లు,
స్టోర్‌కీపరు


జూన్ 2

అన్నయ్యా,

"మీరు" అట! "గారికి" అట! నువ్వు కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. పైగా కోపంలో "మా బావగారితో" అని రాయబోయి "మీ బావగారితో" అని రాశావు. దిద్దాను, అలవాటు.

ఫోర్‌మన్‌కు చెప్పలేదు. మీ బావగారికి కూడా చెప్పలేదు. ఎందుకో తెలుసా? నా అన్నయ్య మాట తప్పయ్యే అవకాశం ఉందని ఇంకో మనిషికి తెలియడం నాకే ఇష్టం లేక.

నీకు ఇప్పటిదాకా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. రెండేళ్ల క్రితం ప్రథమ చికిత్స పుస్తకం ఒకటి మా దగ్గర అచ్చయింది. కాలిన గాయాలకు ఏం చేయకూడదో చెప్పే పేజీ. మూడుసార్లు దిద్దాను. నాలుగోసారి అచ్చులు పేర్చే ముసలాయన వచ్చి, "అమ్మగారూ, ఇక్కడ ఒక లైను లేదండీ" అన్నాడు. "ఉంది, చూడండి" అని వేలు పెట్టాను. వేలు కింద ఏమీ లేదన్నయ్యా, తెల్ల కాగితం. ఉండవలసిన వాక్యం నాకు కంఠతా వచ్చు కనుక మూడుసార్లూ అక్కడ దాన్ని చదివాను. చదివినట్టు నటించలేదు. చదివాను. బైబిలో భగవద్గీతో ఇచ్చి ప్రమాణం చేయమంటే చేసేదాన్ని. డిగ్రీ ఉన్న కళ్లు అవి.

నేను నీ నిజాయితీని అడగలేదు. ముఖం ఏ తేదీన వచ్చిందని అడిగాను. స్టోరులోకి ఏ వస్తువు వచ్చినా నువ్వడిగే మొదటి ప్రశ్న అదే కదా: ఏ రోజు వచ్చింది, ఎవరు తెచ్చారు?

మార్చి ఉత్తరం దీంతో పంపుతున్నాను. నకలు కాదు, నీ చేతిరాతే. నా దగ్గర ఇంకో ప్రతి లేదు, రాసి కూడా పెట్టుకోలేదు. చించేస్తే ప్రపంచంలో ఎక్కడా రుజువు ఉండదు, నేను నోరెత్తను. నీ దగ్గరే ఉండటం న్యాయమనిపించింది.

వదినకు వేడినీళ్ల కాపడం మానవద్దని మళ్లీ చెబుతూ,
"నువ్వు" అనిపించుకోవాలని ఉన్న చెల్లెలు


అక్టోబరు 5

నా చెల్లెలికి,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. కోపం మొదటి నెలకే అయిపోయింది. మిగతా మూడు నెలలు సూర్యుడి కోసం ఆగాను. వివరిస్తాను.

నీ కవరు అందిన రోజున మార్చి ఉత్తరాన్ని పొయ్యి దాకా తీసుకువెళ్లాను. ఇది దాచకూడదు కనుక రాస్తున్నాను. మీ వదిన చూసి, "ఆ పొయ్యి మీద పాలున్నాయి, ఏం చేసేదైనా పాలు దించాక చేయండి" అంది. పాలు పొంగేదాకా నిలబడ్డాను. తరువాత చేయలేకపోయాను.

ఆ రాత్రి సాపు పుస్తకం తీశాను. ఆరు గడులు నల్లసిరాతో ఉన్నాయి. ముఖం గడి ఒక్కటే నీలం సిరా. స్టోరుకు నీలం సిరా సీసా ఎప్పుడు వచ్చిందో రిజిస్టరులో చూశాను: ఏప్రిల్ 17. తీసుకున్నట్టు సంతకం నాది. అంటే ఫోటో చూసిన మరునాటికి ముందు ఆ గడి నిండే అవకాశమే లేదు. ఆ ఆదివారమే పూరించానని నీకు రాశాను కదా. అబద్ధం రాయలేదు, నాకు అలాగే గుర్తుంది. ఈ క్షణాన కూడా అలాగే గుర్తుంది. నన్ను భయపెట్టింది అదే.

అయినా ఫోటో చూడగానే "తెలుసు" అనిపించింది ఎందుకు? ఆ ముఖాన్ని ఎక్కడెక్కడ చూసి ఉండవచ్చునో పట్టీ రాసుకుని, స్టోరు రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఫిబ్రవరి 3, మధ్యాహ్నం పన్నెండు పది: రబ్బరు వేసిన టైర్లు ఆరు, తెచ్చినవారి సంతకం. అతడే. టైర్ల నంబర్లు కలవక ఇరవై నిమిషాలు నా కిటికీ ముందు నిలబెట్టాను. కిటికీ పైన అద్దాల కప్పు, ముఖంమీద నిండు వెలుతురు. కనుబొమ్మ మచ్చ అక్కడ చూశాను. అది వచ్చిన తేదీ ఇదీ, తెచ్చినవాడు అతడూ. సందులోకి మోసుకుపోయినవాణ్ణి నేను.

ఇక సూర్యుడి సంగతి. సందులో ఆ వేళ ముఖం ఆనుతుందా ఆనదా అన్నది ఊహతో తేల్చడం నాకు నచ్చలేదు. మార్చి 11న సూర్యుడున్న చోటికే మళ్లీ వచ్చేది అక్టోబరు మొదటివారంలో. క్యాలెండరులో అస్తమయ వేళలు చూసి గడియారం తేడా సరిచేసుకున్నాను. మొన్న 3న ఫిట్టర్లను బతిమాలి, ఆరుగురిని ఒక్కొక్కరుగా రెండో దీపస్తంభం దగ్గర నిలబెట్టమని మా గుమాస్తాకు చెప్పాను. ఎవరు ఏ వరుసలో వస్తారో నాకు తెలియదు. ఒక్కొక్కరి చేతికి ఒక్కో రకం రాడ్డు కూడా ఇప్పించాను.

"చిట్టాగారికి ఎండ తగిలిందర్రా" అన్నాడు ఒకడు. "నా ముఖం ఉత్త పుణ్యానికి చూపించను" అన్నాడు ఇంకొకడు. ఇరవై ఏళ్లుగా రోజూ చూసే ఆరుగురు. ఇద్దరిని పోల్చగలిగాను. ఆ ఇద్దరిలోనూ ఒకణ్ణి నడక వల్ల పోల్చాను. నాలుగుసార్లు తప్పు పేరు చెప్పాను, అందులో రెండుసార్లు బల్లగుద్ది చెప్పాను. ప్రతిసారీ రాడ్డు మాత్రం సరిగ్గా చెప్పాను: ఏ మోడల్‌దో, ఎంత అరిగిందో. విడిభాగాల మనిషిని కదా. నా ఎదుట మనిషిని చంపుతుంటే నా కళ్లు చూసినది విడిభాగాన్ని.

ప్రభుత్వ ప్లీడరును కలిసి అంతా చెప్పాను. అతడు అద్దాలు తుడుచుకుని, "పుస్తకంలో ఉన్నది చదివితే చాలు, పురాణం వద్దు" అన్నాడు. విచారణ జనవరిలో.

నిన్ను రావద్దన్న మాట ఆరోజు కోపంతో అన్నది. ఇప్పుడు వేరే కారణంతో అంటున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే నీ ముఖం చూసి మాట్లాడతాను. ఆ రోజు ఎవరి ముఖమూ చూసి మాట్లాడకూడదు.

నువ్వు, నువ్వు, నువ్వు. బాకీ తీర్చాను.
అన్నయ్య


జనవరి 19

చెల్లెమ్మకు,

పదిహేనో తారీఖున సాక్ష్యం చెప్పాను. నిన్న తీర్పు వచ్చింది. సాక్ష్యం చాలదని అతణ్ణి విడిచిపెట్టారు. ఇక జరిగినది వరుసగా.

కోర్టు హాలు పొడవు నలభై అడుగులుంటుంది. ఎత్తయిన కిటికీలు, తూర్పువి మూడు. ముందు బల్లమీద ప్లీడర్లు, రెండోదాని మీద మేస్త్రి భార్య, వాళ్ల పెద్దపిల్ల. మూడో వరుసలో మా ఫిట్టర్లు నలుగురు. చివరి బల్లమీద గోడకు ఆనుకుని, ఎవరో ప్లీడరు గుమాస్తా, అతని పక్కన శాలువా ముసుగేసుకుని తల వాల్చి నిద్రపోతున్న ఒక ముసలాయన. ఇంత గంభీరమైన చోట నిద్ర ఎలా పడుతుందో అనుకున్నాను. నిలబడ్డ చోటినుంచి అన్నీ లెక్కపెట్టుకున్నాను.

ప్రభుత్వ ప్లీడరు సాపు పుస్తకం నా చేతికిచ్చి, ముఖం గడి చదవమన్నాడు. చదివాను. "మీరు చూసినది ఈ మనిషినేనా?" అని బోనువైపు చూపించాడు.

"ఇతణ్ణి చూశానండి. ఫిబ్రవరి 3న, మా స్టోరు కిటికీలో చూశాను. ఏప్రిల్ 16న ఫోటోలో చూశాను. మార్చి 11న సందులో చూశానని చెప్పలేను."

హాలంతా ఒక్కసారి కదిలింది. ప్లీడరు గొంతు మారింది. "పరేడులో ఇతడే అన్నారా లేదా?"

"అన్నానండి."

"అప్పుడు అబద్ధం చెప్పారా?"

"లేదండి. అప్పుడు నమ్మినది చెప్పాను. ఆ నమ్మకం ఏ రోజు, ఎలా పుట్టిందో తరువాత సరిచూసుకున్నాను."

"ఇరవై రెండేళ్లలో మీ స్టోరులో ఒక్క నట్టు కూడా తప్పిపోలేదని మీ మేనేజరు రాసిచ్చాడు. అలాంటి మనిషి ఒక ముఖం తప్పిపోయిందంటే నమ్మమంటారా?"

"నట్టు మారదండి. బీరువాలో పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. ముఖం నా బీరువాలో అలా ఉండలేదు."

ఎక్కడో నవ్వు వినిపించింది. జడ్జిగారు నవ్వలేదు. నీకు రాసిన మార్చి ఉత్తరాన్ని ఆయనకు అందజేశాను. నీలం సిరా రిజిస్టరు, టైర్ల రిజిస్టరు, సందులో ఆరుగురి పట్టీ కూడా ఇచ్చాను. ఆయన ఏడో అంకెను పైకి చదివి, "ఇది ఎవరికి రాశారు?" అని అడిగారు. "మా చెల్లెలికండి. జాగ్రత్తగా చదివే మనిషి" అన్నాను. "కనిపిస్తూనే ఉంది" అన్నారు. ఈ మాటను ఉన్నదున్నట్టు నీకు చేరవేస్తున్నాను.

ఇన్‌స్పెక్టరు ఎదురుపడి ముఖం తిప్పుకున్నాడు. అది నేను భరించగలను. భరించలేనిది చెబుతాను. మెట్ల దగ్గర మేస్త్రి భార్య నిలబడి ఉంది.

"అన్నయ్యగారూ, మరి మా ఆయన్ని ఎవరు చంపారు?"

"నాకు తెలియదమ్మా."

"తెలియనప్పుడు, చూశాను నిశ్చింతగా ఉండమని నాకెందుకు చెప్పారు? అన్ని నెలలు నేను నిశ్చింతగానే ఉన్నాను కదా."

తప్పు మనిషిని పట్టుకుని కూర్చున్నంతకాలం సరైన మనిషిని ఎవరూ వెతకలేదు. అది నా వల్ల. అతడు తప్పు మనిషే అని కూడా నేను చెప్పలేను, చెల్లెమ్మా. అతడు నిర్దోషి అని నేను ఎక్కడా అనలేదు. తెలియదు అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి పది నెలలు పట్టింది. సాక్ష్యం చెప్పిన మర్నాడు రాడ్డు వర్ణన ఒక్కటి విడిగా రాసి, ఆ మోడల్ బస్సులు ఎక్కడెక్కడ మిగిలాయో పట్టీ జతచేసి స్టేషనులో ఇచ్చి వచ్చాను. తీసుకున్నట్టు సంతకం కూడా అడిగాను.

నోటీసు బోర్డు మీది కాగితం తీసేశారు. "చిట్టాగారు" మళ్లీ "చిట్టా" అయింది. "చిట్టా, ఇవాళ ఏ వారమో గట్టిగా చెప్పగలవా?" అని అడుగుతున్నారు. "క్యాలెండరు చూసి చెబుతాను" అంటున్నాను. విచిత్రం ఏమిటంటే, సిగ్గుగా లేదు. బోనులోంచి దిగివచ్చేటప్పుడు నా నడుము నిటారుగానే ఉంది. మీ వదిన కూడా గమనించి, "చొక్కా మీద కాఫీ మరక తప్ప బాగానే ఉన్నారు" అంది.

అన్నయ్య


జనవరి 27

అన్నయ్యా,

రావద్దన్నావు, వచ్చాను. నిన్ను మోసం చేయడం నాకిది రెండోసారి. మొదటిది నిఘంటువులో తలకిందుల పుటల సంగతి, తరువాతెప్పుడైనా చెబుతాను.

బస్సులో చలిగా ఉంటుందని మీ బావగారి శాలువా తెచ్చుకున్నాను. చివరి బల్లమీద నువ్వు చూసిన ముసలాయన నేనే. నిద్రపోలేదు, ఏడుస్తున్నాను. నలభై అడుగుల హాలు, మూడు కిటికీలు, నలుగురు ఫిట్టర్లు, అన్నీ లెక్కపెట్టావు. తోడబుట్టినదాన్ని మాత్రం ముసలాయన్ని చేశావు! ఈ సంగతి తెలిస్తే ఆ ప్రభుత్వ ప్లీడరు ఆరోజే నిన్ను నమ్మేవాడు.

నిన్ను కలవకుండా ఎందుకు వెళ్లిపోయానంటే, మెట్ల దగ్గర నేను నీ పక్కన కనబడితే చెల్లెలు నేర్పి పంపిందంటారు. ఆ మాటలు నీవి. అందులో నా దిద్దుబాటు ఒక్కటీ లేదు. అది అందరికీ అలాగే తెలియాలి. మేస్త్రి భార్య నిన్ను అడగడం దూరంనుంచి చూశాను. నువ్వు తల దించుకోలేదు, తప్పించుకుని పోలేదు, ఆమె వెళ్లేదాకా నిలబడ్డావు.

"చెప్పలేను" అని నువ్వన్నప్పుడు నా పక్కనున్న గుమాస్తా చేతిలోని కాగితాలు బల్లమీద కొట్టి, "గెలిచిన కేసు! నిలువునా ముంచాడు! ఎవడండీ ఈ పిచ్చోడు?" అన్నాడు.

ముసుగు తీసి, నిటారుగా కూర్చుని, హాలంతా గోలగా ఉన్నా అతనికి గట్టిగా వినబడేట్టు చెప్పాను: "మా అన్నయ్య."

చెల్లెలు